ఆఫ్రికా సఫారీకి మొదటిసారి వెళ్తే ఎలా అనిపిస్తుంది? అంత ఖర్చు పెట్టి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చండి, తప్పకుండా వెళ్ళండి. నేను వెళ్ళింది కెన్యాలో మసాయి మారా అనే వన్యప్రాణి రిజర్వ్‌కి, ఆగస్టులో, కాబట్టి అక్కడి సంగతే చెప్తాను.

అందరూ సింహం చూశావా అని అడుగుతారు గానీ నాకు ముందు మతిపోయింది ఆ మైదానం చూసే. మనకి అడవి అంటే నల్లమలలాగా దట్టంగా చెట్లు, తాడోబా వెళ్ళినా జీపు ఆపుకుని జింక అరుపు వినపడుతుందా అని చెవులు రిక్కించి కూర్చోవాలి, పులి కనపడితే మన అదృష్టం. ఇక్కడ చూపుకి అడ్డమే లేదు. లోపలికి వెళ్ళే సెకెనాని గేటు దాటాక కాసేపటికే జీబ్రాలు, వైల్డబీస్టులు (ఎద్దులా కనపడే పెద్ద జింకలు), గెజెల్ జింకలు, దూరంగా జిరాఫీలు, అన్నీ ఒకే చోట, చెరువు గట్టున మన గేదెలు మేస్తున్నంత నింపాదిగా. ఇన్ని కలిసి ఎలా బతుకుతాయి అనుకున్నా, జీబ్రా ముదురు గడ్డి పైపైన కొరికేస్తే కింద ఉన్న లేత గడ్డి వైల్డబీస్ట్ తింటుంది, ఆ తర్వాత వచ్చే చిగుళ్ళు గెజెల్‌కి. అది తెలిశాక గడ్డి వంక చూస్తూ కూడా గంటలు గడిపేయొచ్చు అనిపించింది.

సింహాలు కూడా చూశాను, పడుకునే ఉన్నాయి, రోజులో ఎక్కువ భాగం నిద్రే వాటికి. ఒక ఆడసింహం వచ్చి మా బండి నీడలోనే కూలబడింది, మా వైపు కన్నెత్తి కూడా చూడలేదు, నాకు మాత్రం ఊపిరి ఆడలేదు.

వైల్డబీస్టుల మందలు మారా నది దాటడం చూడాలంటే మాత్రం ఓపిక ఉండాలి. వేలల్లో ఒడ్డు దాకా వస్తాయి, నిలబడతాయి, వెనక్కి వెళ్ళిపోతాయి, మళ్ళీ వస్తాయి. ఆ అరుపులు, ఆ దుమ్ము, నీళ్ళలో చచ్చిపోయిన వాటి కంపు, ఇవేవీ టీవీలో తెలియవు.

చలి సంగతి ఎవరూ చెప్పరు. భూమధ్యరేఖ పక్కనే కదా అనుకుంటాం కానీ ఆ నేల 1500 మీటర్ల పైన ఉంటుంది, తెల్లవారుజామున పైకప్పు తెరిచిన బండిలో స్వెటర్ లేకపోతే వణుకే. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి, తిరిగి ఇండియాలో దిగేటప్పుడు ఆ సర్టిఫికెట్ అడుగుతారు. ప్లాస్టిక్ క్యారీబ్యాగులు పట్టుకెళ్ళకండి, 2017 నుంచి అక్కడ నిషేధం.

ఒక్కటి మాత్రం మిమ్మల్ని బతిమాలి చెప్తున్నాను. డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలో చీతా అనే మాట వినపడగానే బండ్లన్నీ అటే పరిగెడతాయి. ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకి మించి ఉండకూడదని రూల్, కానీ రద్దీ రోజుల్లో అది ఎవరికీ గుర్తుండదు. చీతా పగలే వేటాడుతుంది, చుట్టూ బండ్లు మూగితే దానికీ దాని పిల్లలకీ తిండి ఉండదు. టూరిస్టులు ఎక్కువ తిరిగే చోట చీతా పిల్లలు బతికేది చాలా తక్కువని మారాలోనే చేసిన పరిశోధనలో తేలింది. డ్రైవర్లు టిప్పు కోసం, మన సంతోషం కోసం దగ్గరికి తీసుకెళ్తారు, కాబట్టి "దూరంగానే ఆపండి, మాకు తొందర లేదు" అని మొదటి రోజే మీరే చెప్పేయండి.

ఖర్చు మరీ ఎక్కువైతే రోజులు తగ్గించుకోండి గానీ, వీలుంటే రిజర్వ్‌ని ఆనుకుని ఉన్న కన్జర్వెన్సీల్లో దిగండి. అవి అక్కడి మసాయి తెగ కుటుంబాల దగ్గర లీజుకి తీసుకున్న భూములు, మనం కట్టే డబ్బులోంచి వాళ్ళకి అద్దె వెళ్తుంది, బండ్లు కూడా బాగా తక్కువ.