మాట తడబడితే హంటింగ్టన్ మొదలైనట్టేనా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. నాన్నగారు హంటింగ్టన్ వ్యాధితో (మెదడును క్రమంగా దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) పోయారు. చేతులూ కాళ్లూ వాటంతటవే కదలడం కంటే ముందే ఆయన మాట ముద్దగా మారిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మొన్న ఫోన్‌లో అక్క "ఏంటే, ఆగి ఆగి మాట్లాడుతున్నావు" అంది. అప్పట్నుంచి నా మాట నేనే రికార్డు చేసుకుని వింటున్నాను, నిద్ర పట్టడం లేదు. నాకూ వచ్చేసిందా డాక్టర్ గారూ?

జవాబు: అమ్మా, ముందు ఆ రికార్డింగులు ఆపండి. తన మాటను తనే కాపలా కాస్తూ మాట్లాడితే ఎవరికైనా తడబాటు వస్తుంది, పైగా మీకు నిద్ర కూడా లేదు.

మీ అమ్మగారు గమనించింది మాత్రం నిజమే కావచ్చు. ఊపిరి, గొంతు, నాలుక, పెదవులు సరిగ్గా సమయానికి కలిసి పనిచేస్తేనే మాట స్పష్టంగా వస్తుంది. ఆ కదలికలను సర్దే మెదడు లోపలి భాగమే హంటింగ్టన్‌లో ముందుగా దెబ్బతింటుంది. అందుకే జన్యువులో మార్పు ఉండి వాటంతటవే వచ్చే కదలికలు ఇంకా మొదలవని వాళ్ల మాటను కంప్యూటర్‌తో కొలిచినప్పుడు మాటల మధ్య విరామాలు పెరగడం, వేగం తగ్గడం లాంటి తేడాలు కనిపించాయి. కానీ అవి ఒక గుంపును ఇంకో గుంపుతో పోల్చి చూసిన తేడాలు. ఒక్క మనిషి మాట విని 'ఇది అదే' అని చెప్పడం నాకే కాదు, ఏ డాక్టరుకూ కుదరదు. నిద్రలేమి, టెన్షన్, డిప్రెషన్, మత్తు కలిగించే మందులు, థైరాయిడ్ తగ్గడం, వీటిలో ఏదైనా మాటను మందగింపజేస్తుంది. (ఎవరికైనా సరే, మాట ఉన్నట్టుండి ముద్దగా అయిపోతే అది వేరే సంగతి, పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.)

మార్పు ఉన్న ఆ జన్యువు మీకు వచ్చే అవకాశం 50 శాతం, అక్కకూ అంతే, కానీ ఒకరికి వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి రెండోవారి సంగతి తేలదు. 1993లో ఆ జన్యువును కనుక్కున్నప్పటి నుంచి రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. ఆ జన్యువులో సీఏజీ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క ఎన్నిసార్లు రిపీట్ అయిందో లెక్కపెడతారు. 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే వ్యాధి వస్తుంది, 36 నుంచి 39 ఉంటే రావచ్చు, రాకపోవచ్చు. అయితే జన్యువు ఉన్నదని తెలిసినంత మాత్రాన వ్యాధి మొదలైనట్టు కాదు, ఈ రెండింటినీ కలిపేసుకునే చాలామంది భయపడతారు. మొదలైందో లేదో న్యూరాలజిస్టు మిమ్మల్ని పరీక్షించి చెబుతారు: కళ్లు ఎలా కదులుతున్నాయి, నాలుకను బయటపెట్టి కొద్దిసేపు అలాగే ఉంచగలరా, 'ప-త-క' అని గబగబా అనగలరా, ఇలాంటివి చూస్తారు.

కాబట్టి ముందు న్యూరాలజిస్టును కలవండి. జన్యు పరీక్ష విషయానికి తొందరేమీ లేదు, జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడకుండా చేయించుకోవద్దు, వద్దనుకునే హక్కు కూడా పూర్తిగా మీదే. వ్యాధిని ఆపే మందు ఇంకా లేదు, అది దాచను. కానీ ఒకవేళ మాటలో నిజంగానే మార్పు ఉందని తేలితే, మాట బాగా ఉన్నప్పుడే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లడం ఎంతో నయం. వేగం తగ్గించి స్పష్టంగా పలకడం నేర్పుతారు, మీ గొంతును ముందే రికార్డు చేసి, తర్వాత మాట కష్టమైతే యంత్రం ఆ గొంతుతో పలికేలా వాడుకునే ఏర్పాటూ ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అక్కను తీసుకెళ్లండి. ఆగి ఆగి మాట్లాడడం ఎప్పుడు గమనించిందో, అంతకుముందు మీరెలా మాట్లాడేవారో ఆవిడే బాగా చెప్పగలరు.