అద్దెకిచ్చిన ఫ్లాట్‌లో సీలింగ్ కారుతుంటే ఖర్చు ఎవరిది?

నెల్లూరులో మీరు అద్దెకిచ్చిన ఫ్లాట్ సీలింగ్ కారుతుంటే, అసోసియేషన్ ఓనరే బాగుచేయించుకోవాలంటోంది అన్నారు కదండీ. ముందు నీళ్లెక్కడివో తేల్చండి. మీది చివరి అంతస్తయి, వాన పడినప్పుడే సున్నం ఉబ్బి పెచ్చులూడుతుంటే అది టెర్రస్ సమస్య. టెర్రస్ ఉమ్మడిది, ఖర్చు అసోసియేషన్‌దే. పైవాళ్ల బాత్రూమ్ నుంచైతే వాళ్లతో మాట్లాడుకోవాలి. లోపలి కుళాయిలు, వైరింగ్ మీవే.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద నమోదైన ప్రాజెక్టయి, స్వాధీనం చేసి 5 ఏళ్లు దాటకపోతే నిర్మాణ లోపాన్ని బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఇది చాలామంది అడగరు.

ఫొటోలు జతచేసి సెక్రటరీకి కాగితం మీద రాసివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో పెడితే గుడ్‌మార్నింగుల కింద పోతుంది. మనకు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లోనే. ఆలోపే వాటర్‌ప్రూఫింగ్ చేయించమనండి.