లైట్లు వెలిగించిన అబ్బాయికి లక్షన్నర కోర్సు కావాలా?

ప్రశ్న: మాది కర్నూలు. ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళుగా బెంగళూరు బెళ్ళందూరులో ఉంటున్నాం. మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. ఆరు నెలలుగా ఇంట్లో బల్బులన్నీ తీసేసి, ఫోన్‌తో నడిచే ఫిలిప్స్ హ్యూ బల్బులు పెట్టాడు. ఏఐ అసిస్టెంట్‌కు మాటల్లో చెబితే లైట్లు వెలిగేలా ఏదో ప్రోగ్రాం రాసి, ఇదే నా భవిష్యత్తు అంటున్నాడు. మారతహళ్ళిలో ఒక శిక్షణ సంస్థ ఏఐ ఏజెంట్ల (మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ప్రోగ్రాంల) కోర్సుకు లక్షన్నర అడుగుతోంది. చేర్పించమంటారా, పరికరాల లోపలి చిప్పులకు ప్రోగ్రాం రాసే ఎంబెడెడ్ సిస్టమ్స్ వైపు పంపమంటారా? అసలు సీఎస్ఈ ఇప్పించక తప్పు చేశామేమోనని ఇంట్లో రోజూ గొడవ. – ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. కోర్సు సంగతి పైమాట. ఈ బెంగతో వచ్చే తల్లిదండ్రుల వల్ల నా గదిలో కుర్చీ ఖాళీగా ఉండదు. అందుకని ముందు దానికే జవాబు చెబుతాను: మీరు తప్పేమీ చేయలేదు. ఆ గొడవ ఈ రోజుతో ఆపేయండి. మూడో సంవత్సరంలో ఉన్న పిల్లవాడి చెవిన పడాల్సిన మాటలు కావవి.

ఇప్పుడు కాస్త కోపం. "ఏదో ప్రోగ్రాం" అని రాశారు. ఆరు నెలలుగా మీ నెత్తిమీదే వెలుగుతున్న వస్తువది. లక్షన్నర కట్టడానికి సిద్ధమయ్యారు గానీ, అదేమిటో చూపించమని ఒక్క సాయంత్రం అడగలేదు. సరే, నేను చెబుతాను. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ, అసిస్టెంట్లను బయటి పనిముట్లతో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతిని అందరికీ విడుదల చేసింది. అంతకుముందు ఒక్కో అసిస్టెంట్‌ను ఒక్కో పరికరానికి విడివిడిగా అతికించాల్సి వచ్చేది. ఇప్పుడు మీ అబ్బాయి రాసినట్టు ఒక చిన్న సర్వర్ (మధ్యవర్తి ప్రోగ్రాం) రాస్తే, "నా దగ్గర ఈ పనిముట్లున్నాయి: దీపం వెలిగించడం, వెలుగు తగ్గించడం, రంగు మార్చడం" అని అది అసిస్టెంట్‌కు చెప్పుకుంటుంది. అసిస్టెంట్ కావలసినదాన్ని ఎంచుకుని కబురు పంపుతుంది. సర్వర్ ఆ కబురును హ్యూ బ్రిడ్జికి, అంటే బల్బులన్నిటినీ నడిపే చిన్న పెట్టెకు అందజేస్తుంది. బ్రిడ్జి నుంచి బల్బుకు జిగ్బీ అనే తక్కువ దూరపు రేడియోలో చేరుతుంది.

వినడానికి తేలికే. కానీ హ్యూ పాత పద్ధతిలో వెలుగును శాతాల్లో చెబితే కుదరదు, 1 నుంచి 254 వరకు అంకెల్లో చెప్పాలి. కాంతి వెచ్చదనాన్ని మైరెడ్లలో, అంటే పది లక్షలను కెల్విన్లతో భాగించి చెప్పాలి. మీరు "కాస్త పసుపుగా పెట్టు" అంటే అది 370 దగ్గరికి మారాలి. ఆ మార్పిడి ఎవరో ఒకరు కూర్చుని రాయాలి కదా. మీ ఇంట్లో రాసిందెవరో మీకు తెలుసు.

అయితే ఇదే భవిష్యత్తు అన్న మాట దగ్గర నాకు అనుమానం ఉంది. ఈ అతుకు చాలా పలచన. కొన్ని వందల వరుసల కోడ్ అది, ఇప్పుడు ఏఐ చేతనే రాయించుకోవచ్చు. ఇంటి పరికరాలను నడిపేందుకు 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2025 మొదట్లోనే ఈ ప్రోటోకాల్‌ను తనలో కలిపేసుకుంది. అందరికీ ఉచితంగా దొరికే పనికి జీతం ఎంతకాలం ఇస్తారు? పైగా ఈ ప్రోటోకాల్‌లో 2024లో దూరపు సర్వర్‌తో మాట్లాడటానికి పెట్టిన ఎస్ఎస్ఈ అనే పద్ధతిని 2025 మార్చికల్లా పక్కన పెట్టి కొత్తది తెచ్చారు. పాఠ్యప్రణాళిక అచ్చు వేసేలోపు పాఠం మారిపోయే విద్య ఇది. మారతహళ్ళి వంతెన చుట్టూ బోర్డులను ఏళ్ళ తరబడి చూస్తున్నాను. పేర్లు మారుతుంటాయి, కుర్చీలు అవే, కొన్నిచోట్ల పాఠం చెప్పేవారూ వారే. లక్షన్నర కట్టకండి.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా మేనల్లుడు ఇలాంటి బల్బే మా హాల్లో పెట్టాడు. మా అమ్మ అలవాటుకొద్దీ రాత్రి గోడ మీద స్విచ్ ఆపేసింది. వాడు అసిస్టెంట్‌కు చెబితే, "హాల్లో లైటు వెలిగించాను" అని మర్యాదగా జవాబిచ్చింది. చీకట్లోంచి అమ్మ, "ఎక్కడ నాయనా వెలిగింది?" అంది. స్విచ్ ఆపితే బల్బుకు కరెంటు ఉండదు, అది నెట్‌వర్క్‌లోంచే తప్పుకుంటుంది. కబురు పంపారు గానీ, చేరిందో లేదో ఎవరూ చూడలేదు. ఇంకో రాత్రి కరెంటు పోయి రెండు గంటలకు వచ్చింది. ఇంట్లో బల్బులన్నీ ఒక్కసారిగా పూర్తి వెలుగుతో వెలిగాయి, మా కుక్కతో సహా అందరం లేచి కూర్చున్నాం. కరెంటు తిరిగి రాగానే వెలగాలన్నది ఆ బల్బులకు ముందే పెట్టి ఉంచిన అమరిక.

ఏఐ ఎంత తెలివైనదైనా ఈ తిప్పలు దానంతట తీరవు. కరెంటు, రేడియో, బల్బు లోపలి ఫర్మ్‌వేర్ (చిప్పులో ఉండే ప్రోగ్రాం) తెలిసినవాడు కావాలి. అంటే ఈసీఈ కుర్రాడు. మీరు తప్పు అనుకుంటున్నది ఇదే.

ఇంకో కోణం ఉంది. 2025 ఆగస్టులో ఇజ్రాయెల్ పరిశోధకులు క్యాలెండర్ ఆహ్వానంలో కొన్ని వాక్యాలు దాచి గూగుల్ వారి ఏఐ అసిస్టెంట్ జెమినిని బోల్తా కొట్టించారు. యజమాని అడగకుండానే అది ఇంట్లో లైట్లు ఆర్పింది, కిటికీలు తెరిచింది, బాయిలర్ వేసింది. పనిముట్టును అసిస్టెంట్ చేతికి ఇచ్చేటప్పుడు ఏది అడగకుండా చేయవచ్చు, ఏది అడిగాకే చేయాలి అని గీత గీయగలవాడికి పని దొరుకుతుంది. లైటుకు అడగక్కర్లేదు. గీజరుకు అడగాలి.

పోలిక అడిగారు కదా, క్లుప్తంగా చెబుతాను. ఎంబెడెడ్‌లో మొదటి జీతం తరచూ చిన్నది, నేర్చుకోవడం నెమ్మది, కానీ ఒకసారి పట్టుబడితే తొందరగా పాతబడదు. 1985 నుంచి టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఈ ఊళ్ళోనే ఉంది, బాష్ కూడా ఉంది. డిగ్రీ అయ్యాక కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్‌కు ఆరు నెలల పీజీ కోర్సు ఉంది. ఏఐ వైపు మొదటి ఉద్యోగం త్వరగా రావచ్చు, అంతే త్వరగా కొత్తది నేర్చుకోవాలి. ఇప్పుడే ఒకదాన్ని ఎంచుకోమని నేననను. ఆ అబ్బాయి రెండింటి మధ్య గుమ్మంలో నిలబడ్డాడు, కొన్నాళ్ళు నిలబడనివ్వండి.

డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తే కొన్ని వందలు ఇచ్చి, ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే ఎస్.పి. రోడ్‌కు పంపండి. ప్రోగ్రాం రాసుకోగల చిన్న చిప్పు ఉండే ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి కొనుక్కుని, కొన్న బల్బు మీద ఆధారపడకుండా సొంతంగా ఒక దీపం చేయమనండి. మిగిలిన పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచితం.

ఈ ఆదివారం మాత్రం ఒక పని చేయండి. హాల్లో కూర్చుని, ఏమీ అనకుండా గోడ మీద స్విచ్ ఆపేసి, లైటు వెలిగించమని అబ్బాయి చేత అసిస్టెంట్‌ను అడిగించండి. అది ఏమన్నదో, దానికి మీ అబ్బాయి ఏం చేశాడో నాకు రాయండి.