ఐఎస్‌ఐ గుర్తు లేని రబ్బరు బొమ్మ: అమ్మిన దుకాణదారుకు బాధ్యత లేదా?

ప్రశ్న: మా పది నెలల పాపకు బజారులో నొక్కితే కీచుమనే రబ్బరు బాతు కొన్నాం. ఘాటైన వాసన వచ్చేది. నోట్లో పెట్టుకుని ఆడిన కొద్ది రోజులకే పెదవుల చుట్టూ దద్దుర్లు లేచి, డాక్టరుకు చూపించాల్సి వచ్చింది. ప్యాకెట్‌పై తయారీదారు పేరు గానీ, ఐఎస్‌ఐ గుర్తు గానీ లేవు. బిల్లు ఇవ్వలేదు, డబ్బు ఫోన్‌పే చేశాం. దుకాణదారు తాను అమ్మానే తప్ప తయారు చేయలేదంటున్నారు. ఇలాంటి రబ్బరుతో క్యాన్సర్ వస్తుందని చదివి భయపడుతున్నాం. పరిహారం అడగవచ్చా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అడగవచ్చు. అయితే ఫిర్యాదును క్యాన్సర్ భయంపై నిలబెట్టవద్దు. రబ్బరును గట్టిపరిచేటప్పుడు కలిపే కొన్ని రసాయనాల వల్ల నైట్రోసమైన్లు అనే పదార్థాలు ఏర్పడే అవకాశం ఉన్నమాట నిజమే. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు కనుకనే, మూడేళ్లలోపు పిల్లల బొమ్మల నుంచి అవి కిలోకు 0.05 మిల్లీగ్రాములకు మించి వెలువడరాదని యూరోపియన్ యూనియన్ పరిమితి పెట్టింది. కానీ ఫలానా బొమ్మ వల్ల మీ పాపకు భవిష్యత్తులో వ్యాధి వస్తుందని ఏ వినియోగదారుల కమిషన్ ముందూ రుజువు చేయలేరు. పైగా రబ్బరు బొమ్మలుగా అమ్ముడయ్యేవాటిలో చాలా వరకు మెత్తని పీవీసీ ప్లాస్టిక్‌వే. వాటిలో పరీక్షించవలసినవి థాలేట్లు, అంటే ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే రసాయనాలు. కాబట్టి ఏ రసాయనమో మీరే తేల్చి రాయకండి.

మీ అసలు బలం ఐఎస్‌ఐ గుర్తు లేకపోవడంలోనే ఉంది. 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఇచ్చే ఈ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. కొండపల్లి, ఏటికొప్పాక వంటి భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు ఉంది గానీ, అది యంత్రాలపై తయారైన ఈ బాతుకు వర్తించదు. చట్టప్రకారం ఉండవలసిన నాణ్యత లేకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 'లోపం'గానే నిర్వచించింది. భద్రతా ప్రమాణాలను ఉల్లంఘించి ప్రమాదకరమైన వస్తువును అమ్మకానికి పెట్టడం కూడా ఫిర్యాదుకు కారణమే.

దుకాణదారు వాదన ఇక్కడ నిలవదు. తయారీదారు ఎవరో తెలియనప్పుడు, తెలిసినా నోటీసు అందించలేనప్పుడు, అమ్మిన వ్యక్తే బాధ్యుడని అదే చట్టంలోని 86వ సెక్షన్ చెబుతోంది. బిల్లు లేకపోయినా ఫోన్‌పే చెల్లింపు వివరాలు కొనుగోలుకు సాక్ష్యంగా పనికొస్తాయి.

ఆ బాతును కడగకుండా, ప్యాకెట్‌తో సహా కవరులో పెట్టి సీలు వేసి ఉంచండి. దుకాణదారు డబ్బు వాపసు ఇస్తానన్నా దానిని తిరిగి ఇవ్వకండి, ఎందుకంటే ఆ తర్వాత పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు. 38వ సెక్షన్ కింద కమిషనే నమూనాను ప్రయోగశాలకు పంపించగలదు. పరీక్ష రుసుము మాత్రం ముందుగా మీరు కట్టవలసి ఉంటుంది. దద్దుర్లకు కారణం ఏమై ఉండవచ్చో డాక్టరు చేత రాయించుకోండి. బొమ్మల కేసులు తరచూ వీగిపోయేది ఆ కాగితం లేకనే అని నా అభిప్రాయం.

ముందు నోటీసు పంపి, జవాబు రాకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, కారణం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయండి. బొమ్మ ధర ఐదు లక్షల లోపే కనుక ఫిర్యాదుకు రుసుము ఉండదు. వైద్య ఖర్చులు, పాప పడిన బాధ, అందువల్ల మీకు కలిగిన మానసిక వేదన, ఈ మూడింటికీ వేర్వేరుగా పరిహారం కోరండి. అదే సరుకు ఇంకా అమ్ముతున్నట్లయితే జిల్లా కలెక్టరుకు కూడా రాతపూర్వకంగా తెలపండి, ఎందుకంటే మార్కెట్ నుంచి వస్తువును వెనక్కి రప్పించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది, కలెక్టరుకు ఇచ్చే ఫిర్యాదు ఆ దిశగా మొదటి మెట్టు అవుతుంది.