సీఆర్‌పీ నార్మల్ వచ్చింది, మళ్లీ మలపరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు). వాపు తగ్గించే మెసలమైన్ మందు వాడుతున్నాడు. రక్తం పడటం ఆగింది, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) నార్మల్. అయినా డాక్టరు గారు కాల్‌ప్రొటెక్టిన్ అనే మలపరీక్ష రాశారు. శాంపిల్ కాకినాడ పంపాలట. అంత అవసరమా?
– ఒక పాఠకురాలు, ముమ్మిడివరం

జవాబు: అవసరమేనండీ. పెద్దపేగులో పుండ్లున్నా సీఆర్‌పీ మామూలుగా ఉండటం ఈ జబ్బులో కొత్తేమీ కాదు. కాల్‌ప్రొటెక్టిన్ అనేది పేగులో చేరిన తెల్లరక్తకణాల నుంచి వచ్చే ప్రొటీన్. లక్షణాలు లేనివారిలో గ్రాము మలానికి 150 మైక్రోగ్రాముల లోపుంటే వాపు అణిగినట్టే లెక్క. 250 దాటితే జబ్బు మళ్లీ రాజుకుంటోందేమోనని చూడాలి. మధ్యలో వస్తే కంగారుపడి మందులు మార్చకండి, కొన్ని వారాలాగి అదే ల్యాబులో మళ్లీ చేయించండి. ల్యాబు మారితే అంకెలు పోల్చలేం.

తేడా వచ్చేది ఎక్కువగా శాంపిల్ దగ్గరే. పొద్దున్నే మొదటిసారి వెళ్లినప్పటి మలాన్ని, నీళ్లూ మూత్రమూ తగలకుండా పొడి కాగితం మీద పట్టి, డబ్బా మూతకున్న చెంచాతో తీయాలి. మన ఎండల్లో బస్సు సీటు కింద పెట్టి తీసుకెళ్తే ప్రొటీన్ చెడి అంకె తగ్గి కనిపించవచ్చు. ఐస్‌ప్యాక్ పెట్టి పంపండి. కోతల రోజుల్లో నడుంనొప్పికి మందుల షాపులో అడిగి మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అయితే అంకెను పెంచేస్తాయి. పైగా జబ్బునూ రెచ్చగొట్టవచ్చు. వాడి ఉంటే దాచకుండా చెప్పమనండి.

రోజుకు ఆరు, అంతకుమించి రక్తవిరేచనాలై, జ్వరం వచ్చినా నాడి నిమిషానికి 90 దాటినా రిపోర్టు కోసం ఆగొద్దు. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చండి.