తొమ్మిదేళ్లకో ఆల్బమ్ వస్తే మధ్యలో ఏం వినాలి?

పోయిన సంచికలో ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ గురించి నాలుగు మాటలు రాశాను కదా, అప్పటి నుంచి జానపద రాక్ బ్యాండ్ల మీద ఉత్తరాలు ఆగలేదు. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఐదింటికి జవాబు రాస్తున్నాను. ఒకే సంగతి అడిగినవాళ్లు మీ జవాబు వీటిలోనే చూసుకోండి.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ సెకండియర్. ఇండియన్ ఓషన్ అంటే ప్రాణం. కానీ వాళ్ల షో సంగతి అది అయిపోయాక ఎవరో స్టేటస్ పెడితేనే తెలుస్తుంది. కొత్త పాట వచ్చినా అంతే, రెండు నెలలు ఆలస్యం. అన్ని చోట్లా ఫాలో అవుతూనే ఉన్నాను, మరి ఎందుకిట్లా?
– ఓ విద్యార్థి, కాజీపేట

తమ్ముడూ, ఫాలో కొట్టి వదిలేస్తే ఆ బ్యాండ్ నీ ఫోన్‌లో అడుగున పడిపోతుంది. నువ్వు రోజూ ఏం చూస్తున్నావో దాన్నే యాప్ మళ్లీ మళ్లీ తెచ్చి పెడుతుంది తప్ప, ఆర్నెల్లకోసారి పోస్ట్ పెట్టే బ్యాండ్‌ని ఎందుకు చూపిస్తుంది? యూట్యూబ్‌లో వాళ్ల చానెల్ గంట గుర్తు నొక్కి అందులో ‘ఆల్’ పెట్టుకో. స్పాటిఫైలో ఫాలో అయితే శుక్రవారం శుక్రవారం రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల జాబితాలో వాళ్ల పాట కనిపిస్తుంది. శుక్రవారమే ఎందుకంటే 2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త పాటల విడుదలకు ఆ రోజునే పెట్టుకున్నారు. బ్యాండ్ పేజీతో పాటు అందులో వాయించేవాళ్ల సొంత పేజీలు కూడా చూస్తూ ఉండు. ‘రేపు ఫలానా ఊళ్లో ఉన్నాం’ అన్న మాట నాకు చాలాసార్లు అక్కడే ముందు దొరికింది.

ఇంకోటి, మన వరంగల్ వాళ్లందరం చేసే తప్పే ఇది. టికెట్ల యాప్‌లో ఊరి పేరు వరంగల్ అని పెట్టుకుంటాం, అది మనకు సినిమాలు చూపిస్తుంది, ఇక షోలేమీ లేవనుకుంటాం. సోమవారం పొద్దున ఒక్కసారి ఊరు హైదరాబాద్‌కి మార్చి చూడు, రెండు నిమిషాల పని.

అసలు సంగతి వేరే ఉంది. ఈ బ్యాండ్ 1990లో ఢిల్లీలో మొదలైంది. మొదటి ఆల్బమ్ 1993లో వచ్చింది, రెండోది 1997లో, అదీ స్టేజీ మీద వాయిస్తుంటే రికార్డు చేసిందే. అందరికీ తెలిసిన ‘కందిస’ 2000లో వచ్చింది. 2010లో ఐతే తాము ప్రాక్టీస్ చేసుకునే ఇంటి నంబరునే ఆల్బమ్ పేరుగా పెట్టి, నెలకో పాట చొప్పున ఉచితంగా ఇచ్చారు. ఆ తర్వాత 2014లో ‘తందాను’, దాని తర్వాత 2023లో ‘తూ హై’. మధ్యలో తొమ్మిదేళ్లు! ఆ తొమ్మిదేళ్లు వాళ్లేమీ ఇంట్లో కూర్చోలేదు, ఊరూరా తిరిగి వాయిస్తూనే ఉన్నారు. ఇట్లాంటి బ్యాండ్‌ని రిలీజుల లెక్కన చూస్తే నీకు దొరికేది చాలా తక్కువ. వాళ్ల పాట స్టేజీ మీదే పెరుగుతుంది, ఆల్బమ్‌లో ఉన్నది ఆ పాట ఒకానొక రోజు ఎట్లా ఉందో అదొక్కటే. అందుకే నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను: తేదీ, చోటు, ఏ పాట తర్వాత ఏ పాట, ఎక్కడ కొత్త ముక్క కలిపారు. వెళ్లలేని షోలకు కూడా యూట్యూబ్‌లో జనం పెట్టిన వీడియోలు చూసి రాసుకుంటాను. నువ్వూ ఒక పాట పట్టుకో, అదే పాట మూడు వేర్వేరు సంవత్సరాల వీడియోలు వరసగా విను. 2009 డిసెంబరులో పాడుతూ తబలా వాయించే అశీమ్ చక్రవర్తి పోయారు, 2013లో గిటార్ వాయించే సుస్మిత్ సేన్ బ్యాండ్ నుంచి బయటికి వచ్చారు. వాళ్లున్నప్పటి పాటా తర్వాతి పాటా పక్కపక్కన వింటే, ఒక మనిషి లేకపోతే పాటలో ఎంత చోటు ఖాళీ అవుతుందో, దాన్ని మిగిలినవాళ్లు ఎట్లా నింపుకున్నారో నీకే తెలుస్తుంది.

టికెట్ కొనేముందు వయసు నిబంధన చదువు. హైదరాబాద్‌లో చిన్న షోలు చాలావరకు పబ్బుల్లో జరుగుతాయి, మన రాష్ట్రంలో మద్యం వయసు 21, గేటు దగ్గర ఐడీ చూసి వెనక్కి పంపిస్తే ఛార్జీలు, టికెట్ రెండూ పోతాయి. ఆడిటోరియం షోలకు ఈ బాధ ఉండదు. మీ పక్కనే నిట్ ఉంది కదా, అక్కడ స్ప్రింగ్ స్ప్రీ అనే కాలేజీ పండగ అప్పుడు బయటి కాలేజీ పిల్లలకు పాసులు ఇస్తున్నారో లేదో ముందే కనుక్కో, కాలేజీ ఐడీ కార్డు జేబులో పెట్టుకో.

ప్రశ్న: మేడమ్, మా నాన్న ఒగ్గు కథలు వింటూ పెరిగిన మనిషి. నేను బెంగళూరు గాయకుడు రఘు దీక్షిత్ పాట పెడితే చాలు, ‘గిటార్లు పెట్టినంక అది జానపదం ఎట్లయితది’ అని లేచి పోతాడు. ఆయనకు ఏం చెప్పాలి?
– ఓ టీచర్, కరీంనగర్

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన ఊరికే అనట్లేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాన్న సంక్రాంతికి ఐనవోలు జాతరకు తీసుకుపోయాడు. మల్లన్న కథ చెప్తున్నారు, చేతిలో ఒగ్గు, అంటే ఆ చిన్న ఢమరుకం, వెనక డోళ్లు, తాళాలు. నాకు నిద్ర ఆగట్లేదు, కానీ కథ చెప్పే ఆయన జనం మొహాలు చూసి ఒక చోట సాగదీస్తాడు, ఒక చోట ఉరికిస్తాడు, ఆయన వెంటే డోలు కూడా ఉరుకుతుంది. డోలు నడక కథ చెప్పే మనిషి ఊపిరిని బట్టి ఉంటుంది. ఇప్పుడు కొన్ని బ్యాండ్లు ఏం చేస్తున్నాయంటే, చెవిలో టక్ టక్ మని ఒకే వేగంతో తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని, జానపదాన్ని తెచ్చి ఆ లెక్కలో కూర్చోబెడుతున్నాయి. అప్పుడు పాటలో మాటలుంటాయి, నడక చచ్చిపోతుంది. మీ నాన్న చెవికి తగిలింది అదే అని నా నమ్మకం. అక్కడ నేను ఆయన పక్షమే.

అయితే గిటార్ వచ్చినందుకే చెడిపోయిందంటే మాత్రం ఒప్పుకోను. ఈ గొడవ కొత్తది కాదు. 1965 జులైలో అమెరికాలో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో, జానపద గాయకుడిగా పేరున్న బాబ్ డిలన్ కరెంటు గిటార్‌తో స్టేజీ ఎక్కితే జనంలో కొందరు అరిచి గోల చేశారు. నాలుగేళ్లకు, 1969లో ఇంగ్లండ్‌లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే బ్యాండ్ తాతల నాటి కథాగేయాలకు డ్రమ్స్ కట్టి ఆల్బమ్ తెచ్చింది, వాళ్లను చూసి ఆ పాత పాటల్ని వెతుక్కుని నేర్చుకున్న పిల్లలు ఎందరో. 1979లో ఇక చాలు అని క్రోప్రెడీ అనే పల్లెలో వీడ్కోలు షో పెట్టుకున్నారు కూడా, తర్వాత అదే చోట ఏటా కలుస్తూ కలుస్తూ అది పెద్ద పండగ అయి కూర్చుంది. దాదాపు మన జాతరే అనుకోండి. రఘు దీక్షిత్ పాడే కన్నడ సంత్ కవి శిశునాళ షరీఫ్ తత్వాలు పందొమ్మిదో శతాబ్దంవి, కన్నడ పల్లెల్లో నోటి నుంచి నోటికి వచ్చినవి. కన్నడం ముక్క రాని నేను ఆ షరీఫ్ సాహెబ్ ఎవరా అని వెతికానంటే ఈ గిటార్ పుణ్యమే కదా.

నాన్నగారితో వాదించకండి. ఒక పాట వినిపించండి: ఇండియన్ ఓషన్ ‘మా రేవా’. అది నర్మదా లోయ జనం తమ నదిని పిలుచుకునే పాట. బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో పని చేశాడు, పాట అక్కడి నుంచి తెచ్చుకున్నాడు. మిడ్ మానేరు కింద ఊళ్లకు ఊళ్లు పోయిన ప్రాంతం మనది. పాట మొదలయ్యే ముందు ఈ సంగతి చెప్పి, ఆ తర్వాత మీరేమీ మాట్లాడకండి. ఆయన లేచి పోతే మాత్రం నాకు ఇంకో ఉత్తరం రాయండి.

ప్రశ్న: ఆల్బమ్‌లో ఐదు నిమిషాల పాట, హైదరాబాద్ షోలో పన్నెండు నిమిషాలు వాయించారు. పైగా గొంతే వినపడలేదు. మంచిర్యాల నుంచి అంత దూరం పోయి మోసపోయినట్టు అనిపించింది.
– ఓ సింగరేణి ఉద్యోగి, మంచిర్యాల

అన్నా, ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. పన్నెండు నిమిషాలు వాయించడం మీకు దక్కిన లాభం, ఆ ఏడు నిమిషాలు ఇంకెక్కడా దొరకవు. గొంతు వినపడకపోవడం మాత్రం నిజంగా అన్యాయమే. నాకూ ఒకసారి అయింది, హాల్లో అందరికంటే ముందు నిలబడాలని గంట ముందే పోయి స్పీకర్ పక్కన ఇరుక్కున్నాను, సగం షో దాకా డ్రమ్స్ తప్ప ఏమీ వినలేదు. విసుగొచ్చి వెనక్కి నడిస్తే, సౌండ్ మిక్సర్ బల్ల దగ్గరికి చేరేసరికి మాటలన్నీ స్పష్టంగా వినిపించాయి! సౌండ్ చూసే మనిషి తన చెవికి బాగున్నట్టు సరిచేస్తాడు, కాబట్టి ఆయన పక్కన నిలబడితే ఆయన వినేదే మనమూ వింటాం. ఈసారి అక్కడ నిలబడండి.

డప్పు ఉన్న బ్యాండ్లకు ఇంకో కష్టం ఉంది. తోలు చెమ్మకు సడలుతుంది, అందుకే మన దగ్గర మంట పెట్టి కాచి వాయిస్తారు. ఏసీ హాల్లో మంట ఎక్కడ పెడతారు? అందుకని కొందరు ఫైబర్ డప్పు వాడతారు, దాని మోత వేరు, ఆ కణకణ ఉండదు. ఆరుబయట షో దొరికితే వదలకండి.

ప్రశ్న: మా పాపకు 17 ఏళ్లు. ఫ్రెండ్స్‌తో గచ్చిబౌలి వైపు ఏదో బ్యాండ్ షోకి పోతానంటోంది. రాత్రి పదింటికి అయిపోతుందట. నాకేమో టెన్షన్. వద్దంటే ఏడుపు.
– ఓ అమ్మ, హనుమకొండ

వద్దనకండమ్మా, మీరూ వెళ్లండి. నేను సలహాగా చెప్తున్నాను అనుకునేరు, మా అమ్మ నాతో అట్లాగే వచ్చింది, మొదటి షో మొత్తం చెవులు మూసుకుంది, రెండో షోకి తనే అడిగింది. టికెట్ మీద 17 ఏళ్లవాళ్లను రానిస్తారని ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి.

పోవడం తేలిక. ఉప్పల్‌లో దిగితే అక్కడి నుంచి రాయదుర్గం దాకా ఒకటే మెట్రో లైను, మారే పని లేదు. తిరిగి రావడమే ఆలోచించాలి. షో పదింటికి అన్నారంటే పదిన్నర, బయటికి వచ్చేసరికి పావుతక్కువ పదకొండు, చివరి మెట్రో అందుతుందో లేదో గ్యారంటీ ఉండదు. క్యాబ్ పట్టుకుని ఉప్పల్ వచ్చినా హనుమకొండ బస్టాండ్‌లో దిగేసరికి తెల్లవారుజాము మూడు అవుతుంది. ఆ రాత్రికి చుట్టాలింట్లో ఉండి పొద్దున సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగండి, రైలు టికెట్ షో టికెట్‌తో పాటే తీసుకోండి. పిల్ల ఫోన్‌లో చార్జింగ్ వీడియోలకే అయిపోతుంది, పవర్ బ్యాంక్ మీ సంచిలో పెట్టుకోండి. చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్ మెడికల్ షాపుల్లో కూడా దొరుకుతాయి, ఇద్దరికీ కొనండి. షో నుంచి వచ్చాక రెండు రోజులు చెవి గుయ్యిమంటుంటే అది సరదా కాదు, చెవికి దెబ్బ.

ప్రశ్న: అక్కా, మేం నలుగురం కలిసి బ్యాండ్ పెట్టుకున్నాం. మా అమ్మమ్మ పాడే నాట్ల పాట ఒకటి గిటార్, డప్పుతో రికార్డు చేశాం. అప్‌లోడ్ చేసేటప్పుడు ‘రచయిత’ అని అడుగుతోంది, ఏం రాయాలి? మా దోస్తేమో బ్యాండ్ పేరే పెట్టేద్దాం అంటున్నాడు. యూట్యూబ్‌లో వేరేవాళ్లు మా పాట మీద క్లెయిమ్ వేస్తారేమోనని భయం కూడా.
– ఓ గిటారిస్టు, ములుగు జిల్లా

దోస్త్ మాట వినకు తమ్మీ. ఆ పాట మీరు రాయలేదు, అమ్మమ్మా రాయలేదు, ఆమెకు వాళ్లమ్మ నేర్పి ఉంటుంది. రచయిత దగ్గర ‘సంప్రదాయ గీతం’ అని పెట్టండి, అరేంజ్‌మెంట్ దగ్గర మీ బ్యాండ్ పేరు పెట్టుకోండి, పాటకు వాయిద్యాలు కట్టిన ఆ పని మీదే, అందులో మొహమాటం అక్కర్లేదు. వివరాల్లో మాత్రం ‘ఫలానా ఊరి ఫలానా అమ్మ దగ్గర నేర్చుకున్నాం’ అని మొదటి వాక్యంలోనే రాయండి. పెద్దవాళ్ల నోటి నుంచి పాటలు తీసుకుని వాళ్ల పేరు ఎక్కడా చెప్పని రికార్డులు చూసి చూసి నా కడుపు మండిపోయింది.

అమ్మమ్మ ఒక్కతే, వాయిద్యం లేకుండా పాడినట్టు ఫోన్‌లో రికార్డు చేసి తేదీతో దాచిపెట్టండి. అది మీకు జ్ఞాపకం, రేపు గొడవ వస్తే ఆధారం కూడా. క్లెయిమ్ అంటే ‘ఈ పాట మాది’ అనడం, స్ట్రైక్ అంటే చానెల్‌కే పడే హెచ్చరిక, రెండూ వేరు, క్లెయిమ్ పడగానే చానెల్ పోతుందని బెదిరిపోకండి. అది తప్పని మీరు డిస్ప్యూట్ పెడితే అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజులు గడువుంటుంది, ఇవ్వకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. అయితే వేరేవాళ్ల బీట్ గానీ కరోకే ట్రాక్ గానీ వాడి ఉంటే మీ వాదన నిలవదు, అది ముందే చూసుకోండి.

డబ్బు సంగతి కూడా ఇప్పుడే అమ్మమ్మతో మాట్లాడుకోండి. స్పాటిఫైలో ఐతే 2024 నుంచి ఒక పాటకు ఏడాదిలో వెయ్యి స్ట్రీములు దాటితేనే పైసలు లెక్కలోకి వస్తాయి, కాబట్టి వచ్చేది తక్కువే, ఐనా వాటా ఎంతో ముందే అనుకుంటే నలుగురి మధ్య మాట రాదు. మీ మొదటి షో ఎక్కడ పెట్టుకున్నా ఆమెను స్టేజీ మీద కూర్చోబెట్టి మొదటి చరణం ఆమెతోనే పాడించండి, ఆమె ఎత్తుకున్న శ్రుతికి గిటార్ సరిచేసుకోండి, ఆమెను మీ శ్రుతికి రమ్మనకండి. ఇక అప్‌లోడ్ నొక్కేముందు అమ్మమ్మ పేరు, ఊరి పేరు తప్పుల్లేకుండా ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూడండి. ఒకసారి అన్ని యాప్‌లకూ వెళ్లిపోయాక అక్షరం దిద్దాలన్నా రోజులు పడుతుంది.