సమాధానం: పదో తరగతి, పొద్దున స్పెషల్ క్లాసులు, ఇంట్లో గుర్రం

తమ్ముడూ, క్లాసుల వల్ల గుర్రానికి టైం ఇవ్వలేకపోతున్నానని, అది గేటు కొరుకుతూ నేల తవ్వుతోందని అడిగావు. సమస్య నీ టైం కాదు, దాని ఖాళీ కడుపు. ఆరున్నరకి దాణా పెట్టి వెళ్తే సాయంత్రం ఐదున్నర దాకా దాని ముందు ఏమీ ఉండదని నువ్వే రాశావు. గేటు చెక్క కొరకడం, కాలితో నేల తవ్వడం అందుకే అయ్యుంటుంది. గుర్రం పొట్ట చిన్నది, రోజులో ఎక్కువసేపు మేస్తూనే ఉండాలి.

అందరూ వదిలేసేది రాత్రి పని:

1. పడుకునే ముందే మర్నాటి ఎండుగడ్డి కాటా మీద తూచు. 300 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 6 కిలోలు. చేతి అంచనా వద్దు. నేను చాన్నాళ్లు "రెండు కట్టలు" అని వేసింది తూస్తే నాలుగు కిలోలు కూడా లేదు!
2. మూడు భాగాలు చెయ్యి. పగటిది చిన్న కన్నాల వలలో నింపు, నిదానంగా తింటుంది. వల ఎత్తుగా కట్టు. ఖాళీ అయ్యాక కిందికి జారుతుంది, అందులో లాడం ఇరుక్కుంటే కాలికి ప్రమాదం.
3. ఉలవలు నానబెట్టు. పొద్దున సగం, సాయంత్రం సగం.
4. తొట్టి నిండా నీళ్లు. రోజుకు 25 లీటర్లు సులువుగా తాగేస్తుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ.

ఇక పొద్దున పేడ తీసి, డెక్కలు గీకి చూస్తే చాలు. ఇరవై నిమిషాలు. ఒళ్లు రుద్దడం సాయంత్రం.

పరీక్షల వారం నీళ్ల పని మీ తాతకి అప్పజెప్పు, మొహమాటపడకు.

గడ్డి ఒక్కసారే పెంచకు, వారం పట్టనివ్వు. మేత మాని, కడుపు వైపు చూస్తూ పొర్లుతుంటే మాత్రం పుస్తకం మూసి వెంటనే పశువుల డాక్టరుకి ఫోన్ చెయ్యి.